కారు ఇన్సూరెన్సు – ఇంటి సేవ: మిషిగన్ తెలుగువారు తెలుసుకోవలసిన సంగతులు

కారు ఇన్సూరెన్సు రెన్యూవల్ కాగితం వచ్చినప్పుడు మనలో చాలామంది చూసేది ఒక్క అంకె: ఆరు నెలలకి ఎంత కట్టాలి? పోయినసారి కంటే పెరిగిందా, తగ్గిందా? పెరిగిందని ఏజెంటుకి ఫోన్ చేస్తే ఆయన రెండు మూడు ఆప్షన్లు మార్చి వందో రెండొందలో తగ్గిస్తాడు. మనం సంతోషించి పెట్టేస్తాం. అలా మార్చే ఆప్షన్లలో ఒకటి చాలా పెద్ద విషయాన్ని తేలుస్తుంది. మన ఇంట్లో ఎవరికైనా ప్రమాదంలో తలకో వెన్నుకో పెద్ద దెబ్బ తగిలి మంచాన పడితే, వారిని ఇంట్లోనే చూసుకునే భార్యకో భర్తకో తల్లికో ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఇస్తుందా, ఇస్తే ఎన్నాళ్ళు ఇస్తుంది అన్నది ఆ ఆప్షన్ మీదే ఆధారపడి ఉంటుంది.

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్, క్యాంటన్ ఊళ్ళలో వేలకొద్దీ తెలుగు కుటుంబాలున్నాయి. ఇక్కడ కారు లేకుండా పాల డబ్బా కూడా ఇంటికి రాదు. అందుకే ఈ విషయం మీద నాకు తెలిసినంత వరకు ఒకచోట రాసి పెడదామని ఈ ప్రయత్నం. నేను లాయరును కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. ఇక్కడే మాస్టర్స్ చేసి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇక్కడ నేను అన్నయ్య అని పిలిచే ఒక మిత్రుడికి 2016 చలికాలంలో మంచు రోడ్డు మీద కారు ప్రమాదం జరిగింది. తలకి తీవ్రమైన గాయం. అప్పటినుంచి వాళ్ళ ఇంటి ఇన్సూరెన్సు కాగితాల పనిలో వదినకి సాయం చేస్తూ నేర్చుకున్న సంగతులివి. మీ విషయంలో నిర్ణయం తీసుకునే ముందు మాత్రం తప్పక లాయరుతో మాట్లాడండి.

మిషిగన్ నో-ఫాల్ట్ చట్టం అంటే ఏమిటి?

మిషిగన్ నో-ఫాల్ట్ చట్టం 1973 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. తప్పు ఎవరిదైనా సరే, గాయపడ్డవారి వైద్య ఖర్చులు ముందుగా వారి సొంత ఇన్సూరెన్సు కంపెనీయే భరించాలి. పాలసీలో ఈ భాగాన్ని పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్ అంటారు, క్లుప్తంగా పిప్. 2020 వేసవి దాకా మిషిగన్ పాలసీలన్నిటిలో ఈ పిప్‌కి జీవితకాలం పరిమితి లేదు. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇంత ఉదారమైన ఏర్పాటు లేదు. పోలికకి న్యూయార్కు చూడండి, అక్కడ బేసిక్ నో-ఫాల్ట్ మనిషికి 50 వేల డాలర్లు. చాలా పెద్ద కేసుల్లో కంపెనీల భారం పంచుకోవడానికి 1978లో మిషిగన్ కెటాస్ట్రఫిక్ క్లెయిమ్స్ అసోసియేషన్ ఏర్పడింది. మన బిల్లులో ఎం.సి.సి.ఎ. పేరుతో కనిపించే రుసుము దీనికోసమే.

గాయపడ్డ మనిషి సంరక్షణకి, కోలుకోవడానికి, పునరావాసానికి సహేతుకంగా అవసరమైన సేవలకయ్యే సహేతుకమైన ఖర్చులు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ సేవలు నర్సే చేయాలని అందులో లేదు. దశాబ్దాలుగా మిషిగన్ కోర్టులు ఇంట్లోవాళ్ళు చేసే సేవకూ ఈ డబ్బు వర్తిస్తుందనే చెబుతూ వచ్చాయి. దీన్నే ఇక్కడ ఫ్యామిలీ అటెండెంట్ కేర్ అంటారు.

ఏ పని ఏ పద్దు కింద వస్తుంది?

ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఇంట్లో జరిగే పనిని చట్టం రెండు పద్దుల్లో పెడుతుంది.

మొదటిది అటెండెంట్ కేర్. అంటే గాయపడ్డ మనిషి శరీరానికి, భద్రతకి నేరుగా చేసే సేవ. స్నానం చేయించడం, వీల్‌చైర్లోకి ఎత్తి కూర్చోబెట్టడం, ట్యూబు ద్వారా ఆహారం పెట్టడం, క్యాథెటర్ మార్చడం, పడక పుళ్ళు పడకుండా రాత్రి లేచి పక్కకి తిప్పడం, మందులు వేళకి ఇవ్వడం, కీళ్ళు బిగుసుకోకుండా కాళ్ళూ చేతులూ ఆడించడం. తలకి దెబ్బ తగిలినవారి విషయంలో కనిపెట్టుకుని ఉండటం కూడా సేవే. మా అన్నయ్య నడవగలడు, మాట్లాడగలడు. కానీ స్టవ్ వెలిగించి మరిచిపోతాడు, అర్ధరాత్రి తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోతాడు. వదిన ఆయనకి ఏ పనీ చేయని గంటల్లో కూడా చూపు ఆయన మీదే ఉండాలి. గాయం వల్ల అలాంటి కాపలా అవసరమైతే అదీ అటెండెంట్ కేర్ కిందికి రావచ్చునని మిషిగన్ సుప్రీం కోర్టు 2012లో డగ్లస్ కేసు తీర్పులో చెప్పింది.

రెండోది రీప్లేస్‌మెంట్ సర్వీసెస్. గాయపడకముందు ఆ మనిషి ఇంటికోసం చేసే పనులు ఇప్పుడు వేరేవారు చేయడం. వంట, గడ్డి కోయడం, మంచు ఎత్తడం, పిల్లల్ని స్కూల్లో దింపడం వంటివి. దీనికి రోజుకు 20 డాలర్లు మించదు, ప్రమాదం జరిగిన మొదటి మూడేళ్ళే ఇస్తారు. ఇంటి పనిని తీసుకెళ్ళి అటెండెంట్ కేర్ లెక్కలో రాస్తే కంపెనీ కొట్టేస్తుంది. ఆ ఒక్కటీ చూపించి మిగతా లెక్కని కూడా అనుమానిస్తుంది. కాబట్టి రెండు పద్దులూ మొదటిరోజు నుంచే విడివిడిగా రాయాలి.

"కొడుక్కి అన్నం పెడితే డబ్బులేమిటి?"

అన్నయ్య వాళ్ళ అమ్మగారు ఆ సంవత్సరం ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. ఒకరోజు నేనూ వదినా డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని గంటలు లెక్కపెడుతుంటే ఆవిడ కాసేపు చూసి, "ఏం నాయనా, మొగుడికి స్నానం చేయిస్తే కూలి, కొడుక్కి అన్నం పెడితే కూలీనా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అన్నారు. వదిన ఏమీ మాట్లాడలేదు. ఆ వారం లెక్క రాయనూ లేదు.

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, మనందరం అలాగే పెరిగాం. అయితే ఈ దేశపు చట్టం దగ్గర ఆ మాటే మనకి అడ్డం తిరుగుతుంది. పైన చెప్పిన డగ్లస్ తీర్పు ప్రకారం సేవ నిజంగా జరిగి ఉండాలి, దానికి ఖర్చు ఏర్పడి ఉండాలి, అంటే చేసినవారు దానికి డబ్బు రావాలని ఆశించి ఉండాలి. "ప్రేమకొద్దీ చేశాను, డబ్బు సంగతి ఆలోచించలేదు" అని వాంగ్మూలంలో చెబితే కంపెనీ లాయరుకి అంతకన్నా కావలసింది లేదు. మన ఇళ్ళలో గౌరవంగా వినిపించే వాక్యం అక్కడ క్లెయిమును పోగొట్టే వాక్యం అవుతుంది.

నేను అమ్మగారికి ఇలా చెప్పాను. "అమ్మా, వదిన ఉద్యోగం మానేసింది. ఇంటి అప్పు కట్టాలి. బయటి నర్సు వస్తే కంపెనీ ఆవిడకి ఇవ్వక తప్పదు కదా. అదే పని వదిన చేస్తే అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు, పిల్లలు నాన్నని రోజూ చూస్తారు. ఈ డబ్బు కోసమే అన్నయ్య ఇన్నేళ్ళూ ప్రీమియం కట్టాడు." ఆవిడకి పూర్తిగా నచ్చిందని చెప్పను. కానీ మర్నాటినుంచి రాత్రి ఎన్నిసార్లు లేచిందీ వదిన మరిచిపోతే ఆవిడే గుర్తుచేసేవారు.

2019లో మారినదేమిటి?

ప్రీమియములు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నాయన్న గోలతో మిషిగన్ శాసనసభ చట్టాన్ని మార్చింది. కొత్త చట్టం 2019 జూన్ 11న అమల్లోకి వచ్చింది. మనకి సంబంధించినవి మూడు.

ఒకటి, పిప్ పరిమితి ఎంచుకోవడం. 2020 జూలై నుంచి తీసుకున్న, రెన్యూ చేసుకున్న పాలసీల్లో అపరిమితం, 5 లక్షల డాలర్లు, రెండున్నర లక్షల డాలర్లు అన్న ఆప్షన్లు వచ్చాయి. మెడికెయిడ్ ఉన్నవారికి షరతుల మీద 50 వేలు. మెడికేర్ ఉన్నవారు, తగిన హెల్త్ ఇన్సూరెన్సు ఉన్నవారు షరతుల మీద పిప్ వైద్య భాగాన్ని పూర్తిగా వదులుకునే వీలు కూడా ఉంది.

రెండు, 56 గంటల పరిమితి. 2021 జూలై నుంచి ఇంట్లోవాళ్ళు, అదే ఇంట్లో ఉండేవాళ్ళు, ప్రమాదానికి ముందునుంచీ పరిచయమున్నవాళ్ళు చేసే అటెండెంట్ కేర్‌కి వారానికి 56 గంటలు దాటి కంపెనీ ఇవ్వనక్కరలేదు. ఈ అంకెని కార్మికుల నష్టపరిహార చట్టంలోంచి తీసుకున్నారు. వారానికి 168 గంటలు, అందులో 56 అంటే సరిగ్గా మూడోవంతు. మిగతా రెండు వంతులు బయటి ఏజెన్సీ మనిషిని పెట్టుకోవాలి, లేదా ఊరికే చేయాలి. కంపెనీ ఒప్పుకుంటే 56 దాటి ఇవ్వడానికి ఒప్పందం రాసుకునే వీలు చట్టంలోనే ఉంది. అడగకపోతే ఎవరూ ఇవ్వరు, రాతపూర్వకంగా అడగండి.

మూడు, రేట్లు. మెడికేర్ ధర లేని సేవలకి, అంటే అటెండెంట్ కేర్ లాంటివాటికి, 2019 జనవరిలో ఉన్న ధరలో 55 శాతమే అన్నారు. తరువాతి సంవత్సరాల్లో ఇంకా కొంచెం తగ్గుతూ వచ్చింది.

2021 జూలైలో వదిన వాళ్ళ చెక్కు ఒక్కసారిగా పడిపోయింది. గంటలు సగమయ్యాయి, రేటూ తగ్గింది. ప్రమాదం 2016లో జరిగితే, పాలసీ అప్పటిదైతే, 2019 చట్టం మాకెలా వర్తిస్తుందని అడిగితే కంపెనీవాళ్ళు చట్టం మారిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. వదిన మాత్రం రోజుకి పదహారు గంటల లెక్క రాస్తూనే ఉంది. ఇవ్వబోమన్న గంటలకి కూడా నెలనెలా బిల్లు పంపుతూనే ఉంది.

2023 జూలై 31న మిషిగన్ సుప్రీం కోర్టు ఆండరీ కేసులో తీర్పు ఇచ్చింది. 2019 జూన్ 11కు ముందు గాయపడ్డవారికి ఈ గంటల పరిమితి, రేట్ల కోత వర్తించవని, వారి హక్కు ప్రమాదం జరిగిన నాడే స్థిరపడిందని తేల్చింది. అన్నయ్య వాళ్ళ గంటలు తిరిగి వచ్చాయి. ఆ రెండేళ్ళ పాత బాకీ రాబట్టడానికి లాయరు కావలసి వచ్చాడు. అప్పుడు పనికివచ్చింది వదిన ఆపకుండా పంపిన ఆ బిల్లులే. ఆ తేదీ తరువాతి ప్రమాదాలకి మాత్రం పరిమితులు అలాగే ఉన్నాయి. అందుకే ఇప్పుడు కట్టే పాలసీలో ఏ ఆప్షన్ ఉందో చూసుకోవడం అంత ముఖ్యం.

రెండున్నర లక్షలు ఎన్నాళ్ళు వస్తాయి?

లెక్క చూద్దాం. ఉదాహరణకి సేవకి గంటకి 20 డాలర్లు అనుకుందాం. రోజంతా కావాలంటే రోజుకి 480, ఏడాదికి 1,75,200 డాలర్లు. రెండున్నర లక్షల పరిమితి 520 రోజులలో అయిపోతుంది. ఇందులో హాస్పిటల్ బిల్లు సున్నా అనుకున్నాం. తల గాయంతో ఐ.సి.యు.లో కొన్ని వారాలు ఉన్న మనిషి విషయంలో ఆ డబ్బు ఇంటికి రాకముందే ఖర్చయిపోవచ్చు.

"మా కంపెనీ హెల్త్ ఇన్సూరెన్సు బ్రహ్మాండంగా ఉంది, పిప్ ఎందుకు?" అని చాలామంది మిత్రులు అంటారు. హెల్త్ ఇన్సూరెన్సు సర్జరీకి ఇస్తుంది, మందులకి ఇస్తుంది. ఇంట్లో స్నానం చేయించి, కనిపెట్టుకుని ఉండే దీర్ఘకాలపు సేవకి సాధారణంగా ఇవ్వదు, మెడికేర్ కూడా ఇవ్వదు. పైగా గాయపడ్డది ఉద్యోగం చేసే మనిషే అయితే కొన్నాళ్ళకి ఆ హెల్త్ ఇన్సూరెన్సే ఉండకపోవచ్చు. నా మట్టుకు నేను అపరిమిత పిప్‌నే ఉంచుకున్నాను. బడ్జెట్ వల్ల తక్కువ ఎంచుకోక తప్పని వారు, పరిమితి దాటిన తరువాత అటెండెంట్ కేర్‌కి వర్తించే రైడర్ ఉందా, దాని ధర ఎంత అని ఏజెంటుని తప్పక అడగాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నల సంగతి

ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 2019 మార్పు తరువాత మిషిగన్ నివాసి కానివారికి, వారి పేరిట ఇక్కడ రిజిస్టరై ఇన్సూరెన్సు ఉన్న బండి ఉంటే తప్ప, పిప్ వర్తించదు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చిన తల్లిదండ్రులు మన కారులో మన పక్కనే కూర్చుని గాయపడినా సాధారణంగా మన పాలసీ పిప్ వారికి రాదు. వారికి మిగిలేవి రెండు: ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్సు, తప్పు చేసిన డ్రైవరు లయబిలిటీ పాలసీ మీద దావా. ట్రావెల్ పాలసీల్లో ఇంటి సేవ దాదాపు ఉండదు. కాబట్టి వాళ్ళు వచ్చేముందే ట్రావెల్ పాలసీలో ప్రమాదాల పరిమితి ఎక్కువ ఉన్నది తీసుకోండి. ఎదుటివాళ్ళ పాలసీ చిన్నదైతే పనికివచ్చే అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజి మీ పాలసీలో ఎంత ఉందో, అది అతిథులకీ వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

వీసా, టాక్సు విషయాలు

భార్య హెచ్-4 మీద ఉండి వర్క్ పర్మిట్ లేకపోతే, గంటల లెక్కన డబ్బు తీసుకోవడం ఉద్యోగం కిందికి వస్తుందా అన్నది ఇమిగ్రేషన్ లాయరుని అడిగాకే మొదటి బిల్లు మీద సంతకం పెట్టాలి. హెచ్-1 వారికీ అంతే, వారు స్పాన్సరు చేసిన కంపెనీ దగ్గర తప్ప పని చేయకూడదు కదా. డబ్బుకోసం వీసా పోగొట్టుకుంటే రెండూ పోతాయి.

సేవ చేసినవారికి వచ్చిన డబ్బు ఆదాయమే, టాక్సు రిటర్నులో చూపించాలి. అదే వృత్తిగా చేయని కుటుంబ సభ్యులకి సాధారణంగా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు పడదు. మీ సి.పి.ఎ.కి ముందే చెప్పండి.

మొదటి నెలలో చేయవలసినవి

1. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు మీ ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫోన్లో చెప్పి ఊరుకుంటే చాలదు.

2. డాక్టరు దగ్గర అటెండెంట్ కేర్ ప్రిస్క్రిప్షన్ తీసుకోండి. రోజుకి ఎన్ని గంటలు, ఏ రకం సేవ, ఎన్ని నెలలు అన్నవి మూడూ అందులో ఉండాలి. "ఇంట్లో సాయం అవసరం" అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. గడువు తీరకముందే కొత్తది రాయించుకోండి.

3. రోజూ లాగు రాయండి. తేదీ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, చేసిన పని, చేసినవారి పేరు, సంతకం. వదిన కోసం నేను ఒక ఎక్సెల్ షీటు చేశాను, కానీ ఆవిడ ఫ్రిజ్ మీద అతికించిన కాగితంలో రాసి ఆదివారం ఎక్కించేది. ఎలా రాసినా ఫరవాలేదు, ఆనాటిది ఆనాడే రాయాలి. నెలాఖరున గుర్తుచేసుకుని రాసిన లెక్క అడ్జస్టరు ఇట్టే పట్టేస్తాడు.

4. నెలనెలా బిల్లు పంపండి, పంపినట్టు రుజువు ఉంచుకోండి. తగిన రుజువు అందిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది.

5. దావా వేస్తే, వేసిన తేదీకి వెనక ఒక ఏడాదిలోని ఖర్చులే వస్తాయన్నది పాత నియమం. 2019 తరువాత, క్లెయిము పెట్టిన రోజునుంచి కంపెనీ అధికారికంగా నిరాకరించే దాకా ఆ గడియారం ఆగుతుంది. క్లెయిమే పెట్టకపోతే ఆగేదేమీ ఉండదు.

6. రేటు న్యాయంగా అడగండి. ఏజెన్సీ తీసుకునే రేటులో వాళ్ళ ఆఫీసు ఖర్చులూ ఉంటాయి, ఇంటి మనిషికి అంతే ఇవ్వాలని లేదని డగ్లస్ తీర్పు చెప్పింది. మీ ప్రాంతంలో హోమ్ హెల్త్ ఎయిడ్ చేతికి వచ్చే జీతం ఎంతో కనుక్కుని దాన్ని ఆధారంగా పెట్టుకోండి.

7. కంపెనీ తన తరఫు డాక్టరు పరీక్షకి పిలిస్తే వెళ్ళాలి. మానేస్తే చెల్లింపు ఆపడానికి అదే కారణమవుతుంది. వెళ్ళేటప్పుడు లాగు కాపీ దగ్గర ఉంచుకోండి.

8. సమాధానం రాకపోతే రాష్ట్ర ఇన్సూరెన్సు శాఖకి, అంటే డిఫ్స్‌కి, ఫిర్యాదు చేయవచ్చు.

మిగతా రాష్ట్రాలలో, మన ఊళ్ళో

కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి చోట్ల ఇలాంటి నో-ఫాల్ట్ లేదు. తప్పు చేసిన డ్రైవరు మీద దావా వేసి భవిష్యత్తు సంరక్షణ ఖర్చు అడగాలి. కానీ ఆ డ్రైవరు పాలసీ ఎంతుంటే సాధారణంగా అంతే వస్తుంది. కాలిఫోర్నియాలో కనీస లయబిలిటీ మనిషికి 15 వేల డాలర్లుండేది, 2025 జనవరి 1 నుంచి 30 వేలు చేశారు. జీవితాంతపు సేవకి అది ఏ మూలకి? అక్కడివారికి రక్షణ ఎవరో కట్టిన పాలసీలో దొరకదు, సొంత అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజిలోనే వెతుక్కోవాలి.

ఇక ఇండియాలో ఉన్న మనవాళ్ళకి ప్రమాదం జరిగితే మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్‌లో అటెండెంటు ఖర్చు విడిగా అడగవచ్చు. 2020లో కాజల్ కేసులో సుప్రీం కోర్టు, నూటికి నూరు శాతం వైకల్యం వచ్చిన ఒక అమ్మాయికి ఇద్దరు అటెండెంట్లు కావాలని, నెలకి ఒక్కొక్కరికి 5,000 రూపాయల చొప్పున, 18 మల్టిప్లయరుతో ఆ ఒక్క పద్దు కిందే 21,60,000 రూపాయలు ఇప్పించింది. "అమ్మే చూసుకుంటుంది కదా" అని లాయరు ఆ పద్దు వదిలేయకుండా చూసుకోండి. దరఖాస్తు ఆరు నెలలలోపు పెట్టడం క్షేమం.

చివరగా ఒక మాట. ఈ వారాంతంలో మీ పాలసీ డిక్లరేషన్ పేజీ తీసి పిప్ అన్న చోట ఏముందో చూడండి. భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. ఎందుకంటే ప్రమాదం జరిగిన రోజు ఆ కాగితం వెతకవలసివచ్చేది పాలసీ తీసుకున్న మనిషి కాకపోవచ్చు. మీకు తెలిసిన ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఇలా ఇంటి మనిషికి సేవ చేస్తూ ఉంటే, వారిని లెక్క రాస్తున్నారా అని అడగండి. రాయకపోతే మీరే ఒక నోటుబుక్కు కొనిచ్చి, మొదటి పేజీ మీద తేదీ వేసి ఇవ్వండి.